తిరుగుదారి

వెనక్కి తిరగడానికి తెలుగులో గౌరవమైన మాట దొరకదు. వెనకడుగు వెయ్యడం, వెన్నుచూపడం, మడమ తిప్పడం - అన్నీ యుద్ధం నుంచి వచ్చినవే, మగతనాన్ని కొలిచేవే. స్త్రీల దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. "చీకటి పడేలోగా వచ్చెయ్" అని పెంచిన పిల్లకి వెనక్కి రావడమే మంచి బుద్ధి. మరి అలా పెరిగిన స్త్రీ మంచుకొండ మీద వెనక్కి తిరిగితే అది వివేకమా, ఒంటికి పట్టిన విధేయతా?

గత జనవరిలో ఐదుగురు స్నేహితురాళ్లం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠకు బయల్దేరాం. శిఖరం ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. సాంక్రి గ్రామం నుంచి నాలుగు రోజుల నడక. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర, గడ్డకట్టిన చెరువు పక్కన గుడారాలు వేశాం. చీకటి పడ్డాక మంచు మొదలైంది. పైన పేరుకున్న మంచు బరువుకి గుడారం కుంగిపోకుండా లోపల్నుంచి చేత్తో తడుతూ, రాత్రంతా వంతులేసుకుని మేలుకున్నాం. తెల్లారేసరికి బయట మోకాలిలోతు. గైడు దిగిపోదామన్నాడు.

"మగవాళ్లయితే ఇంత తొందరగా అనేవాడా?" అంది మాలో ఒకామె.

ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యలేం. ఆలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 మే నెలలో ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కింది. అదే ఏడాది ఆగస్టులో కె2 ఎక్కి, దిగుతూ తుఫానులో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి అలాంటి చోటికి ఎలా వెళ్లిందని బ్రిటిష్ పత్రికల్లో ఎంతో రాశారు. పిల్లలున్న మగ పర్వతారోహకులకి ఆ ప్రశ్న అంతగా ఎదురుకాదు. ముందుకెళ్తే తల్లి కాకుండా పోవడం, వెనక్కొస్తే "ఆడవాళ్లు కదా" అనిపించుకోవడం. ఈ రెండింటి మధ్య స్త్రీ ఆలోచించి తీసుకున్న నిర్ణయం, నిర్ణయంగా ఎవరి కంటికి ఆనుతుంది?

అయితే అక్కడ మేమొక్కళ్లమే లేం. మా గుడారాలూ వంటసామానూ మోసినవాళ్లు నలుగురు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. మేం పైకి వెళ్తామంటే వాళ్లూ రావాలి. మా కాళ్లకి మంచుకి తట్టుకునే బూట్లు. అందులో ఒకతనికి మామూలు రబ్బరు బూట్లు. మాకు భయం లేదని నిరూపించుకునే హక్కు అతని కాళ్ల దాకా సాగుతుందా? నిన్ననుంచీ ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. నేను అడిగాను.

"మీరెలా అంటే అలాగే, దీదీ" అన్నాడు.

చీర కొనడం దగ్గర్నుంచి ఇల్లు అమ్మడం దాకా "మీ నాన్నగారెలా అంటే అలాగే" అనే మా అమ్మ గొంతు అది. కాదనే వీల్లేని మనిషి చెప్పిన సరే. ఆ సరేని విప్పి చదవడమే నేను పదేళ్లుగా చేస్తున్న పని, కానీ ఎప్పుడూ స్త్రీ పాత్రల్లోనే చదివాను. ఇక్కడ డబ్బిచ్చింది మేం.

దిగిపోయాం. నడవని రెండు రోజులకి కూలీ ఇవ్వక్కర్లేదన్నారు మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థవాళ్లు. ఆ కూలీ పోతుందంటే రేపు ఇంకో తుఫానులో "దిగుదాం" అని వాళ్లెలా అంటారు? సాంక్రిలో టీ చల్లారిపోయేదాకా అదే వాదన. చివరికి ఒకరోజుది ఇస్తామన్నారు. రెండోది మేం అయిదుగురం వేసుకున్నాం.