చౌకయాత్ర

స్వల్పధనముతో ఒంటరిగా దూరదేశములకు పోయివచ్చుట గొప్పతనమా కాదా యను ప్రశ్న మా పాఠశాలయందలి ఉపాధ్యాయుల గదిలో ఒకనాటి మధ్యాహ్నము బయలుదేరినది. మాలో చిన్నవాడగు ఒక ఉపాధ్యాయుడు తాను ఇరువది దినములు తిరిగివచ్చిన వృత్తాంతము జెప్పి, "భోజనమునకు నాకేమియు ఖర్చు కాలేదు, ఎక్కడికి బోయినను ఎవరో ఒకరు పెట్టినారు" అని సంతోషముతో ముగించెను. అందరును మెచ్చుకొనిరి. నేనొక్కడనే మాటాడకుంటిని. అతనిపై నాకసూయ లేదు. రెండేండ్ల క్రిందట వేసవి సెలవులలో నేనును అట్టి యాత్రయే చేసి, అట్టి మాటయే చెప్పుకొని, అట్లే మెప్పు పొందినవాడను. ఆ మెప్పు నాకు చెల్లునా యను శంక పిమ్మట కలిగినది. అది ఇంకను తీరలేదు గనుక చదువరుల యెదుట నుంచుచున్నాను.

నేను పోయినది పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ దీవులకు. పటాన్‌చెరువునుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోయి, సింగపూరులో విమానము మారి, నదీ శబ్దమువలె వ్రాయబడు ఒక పట్టణమున దిగవలయును. అక్కడివారు దానిని పలుకునప్పుడు 'ద' కారమునకు ముందు 'న' కారమును చేర్తురు గనుక మన చెవికి అది 'నాంది' యని వినబడును. సంస్కృతము చదివినవానికి నాటకమునకు ముందు పఠించు నాందీశ్లోకము జ్ఞప్తికి రాక మానదు. ఆ వేడుకతోనే నా యాత్ర ప్రారంభమైనది. వెంట ఒక సంచి, రెండు జతల బట్టలు, ఒక లెక్కల పుస్తకము. దినమున కింత వ్యయమని గీత గీసుకొని, దానిని దాటరాదని పంతము పట్టితిని.

ఏకాకియాత్రను ఆక్షేపించుట నా యుద్దేశము గాదు. ఆంగ్లవ్యాసకర్తయగు హాజ్లిట్టు 1822లో ప్రకటించిన వ్యాసమున ప్రయాణము ఒంటరిగానే చేయవలయునని వాదించెను. నడచునప్పుడు పక్కవానితో మాటాడవలసిన పని లేకుండుటయే సుఖమని అతని మతము. మన పెద్దలది వేరు దారి. 1830లో మద్రాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకి, బోయీలు, డేరాలు, గొప్ప పరివారముతో సాగిరి. అట్టి యాత్రికుడు పోయినచోటికెల్ల తన యూరిని వెంట మోసుకొనిపోవును. ఒంటరివాడట్లు గాదు, అడిగిననే గాని వానికి దారి తెలియదు, పిలిచిననే గాని నీడ దొరకదు. అద్దములు లేని కిటికీలకు వానవచ్చినప్పుడు గుడ్డతెరలు దింపుకొను ఆ దీవి బస్సులలో నేను కూర్చున్నప్పుడు, పక్కనున్న ముసలమ్మ నా సంచిని తన యొడిలో పెట్టుకొని, "మద్రాసీవా?" అని హిందీలో నడిగినది. అక్కడ తెలుగువారును తమిళులును మలయాళులును అందరును మద్రాసీలే. మేము మోటారు బాడుగకు మాటాడుకొని నలుగురము పోయియుండినచో ఆ ప్రశ్న నాకు దక్కెడిది గాదు.

ఆ ప్రశ్నలో ఒక చరిత్ర యున్నది. 1879 మొదలు 1916 వరకు మన దేశమునుండి 60 వేలకు పైగా జనులు చెరకుతోటల కూలికై ఆ దీవులకు కొనిపోబడిరి. మొదట కలకత్తానుండియే యోడలు పోయినవి. 1903 మొదలు మద్రాసునుండియు పోయినవి. అట్లు పోయిన సుమారు 15 వేలమంది దక్షిణాదివారిలో విశాఖపట్నము, గోదావరి మొదలగు మండలముల తెలుగువారు గలరు. ఒడంబడిక యను నర్థముగల ఆంగ్లపదము వారి నోట 'గిర్మిట్' అయినది. అయిదేండ్లు పని చేయవలయును. నియమించిన పని ముగించిన మగవానికి దినమునకు ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. పని ముగియనిచో అదియు లేదు. నివాసమునకు వరుసలుగా కట్టిన గదులు; తొలిదినములలో గది పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు; అందు ముగ్గురు ఒంటరి మగవారు, లేక ఒక సంసారము. నా మనస్సునకు పట్టిన విషయ మొకటి గలదు. వారి ప్రయాణమునకు కాసైనను ఖర్చు లేదు. ఓడ బాడుగ లేదు, దారిలో భోజనమునకు వెల లేదు. లోకములో అంత చౌకయైన సముద్రయాత్ర మరియొకటి యుండదు. దాని వెల అయిదేండ్ల జీవితమని దిగిన పిమ్మటగాని తెలియలేదు. ఉచితముగా తిరిగి రావలెనన్న పదేండ్లు ఆగవలయును. 1915లో సి. ఎఫ్. ఆండ్రూసు మొదలగువారు పోయి చూచి వ్రాసిన వ్రాతలవలనను, మన దేశమున చెలరేగిన ఆందోళనమువలనను ఆ పద్ధతి నిలిచి, 1920 జనవరి 1వ తేదీన మిగిలిన ఒడంబడికలు రద్దయినవి.

వారి సంతతివారి యింటనే నాకు ఆతిథ్యము దొరకినది. బస్సులో కలిసిన ఒక వృద్ధుడు, చెరకు సేద్యము చేయువాడు, తన తాత విశాఖపట్నమునుండి వచ్చినాడని చెప్పి, ఒక్కరాత్రి తన యింట నుండి పొమ్మని బలవంతపెట్టెను. 1941లో అక్కడి తెలుగువారు భాషను నిలుపుకొనుటకై దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొన్నను, ఆ యింట మాత్రము తెలుగు పది పన్నెండు మాటలకు దిగజారినది. అమ్మ, నీళ్ళు, పప్పు, దండము: ఈ మాటలను వారు దేవుని పటముక్రింద పెట్టిన పాతనాణెములవలె తీసి నాకు చూపిరి. నేను ఒక్కొక్క మాటకు సంతోషించుట చూచి వారును సంతోషించిరి. ఒక్కరాత్రి నాలుగు రాత్రులైనది. చేమయాకు కూర, కర్రపెండలము, రొట్టె, చేప, కోడి, పూటపూటకు మార్పు. రాత్రి పడుకొనుటకు ముందు లెక్కల పుస్తకము తెరచి ఆ నాలుగు దినములకెదురుగ సున్న చుట్టి, మిగిలిన సొమ్ము కూడి చూచుకొనెడివాడను. ఆ సున్నలు నాకు ఎంత ముద్దుగా కనబడినవో చెప్పుటకు నేడు సిగ్గగుచున్నది.

నాలుగవనాటి యుదయమున దువ్వెన కొనుటకై దారిప్రక్కనున్న అంగడికి పోయితిని. నాకంటె ముందే ఆ వృద్ధుడు అక్కడ నిలిచియుండెను, నన్ను చూడలేదు. కోడిని, చేపడబ్బాలను సంచిలో వేసుకొని, దుకాణదారుతో మెల్లగా "దీనినికూడ వ్రాసికొనుము, చెరకు డబ్బు రాగానే ఇచ్చెదను" అని చెప్పుచుండెను. దుకాణదారు పుస్తకము తెరచి వ్రాసెను. నా పుస్తకమున సున్న పడిన ప్రతి దినమును ఆ పుస్తకమున అంకెగా పడుచుండెనని నాకప్పుడు తెలిసినది. నా జీతము ఆ వృద్ధుని యాదాయముకంటె తక్కువ గాదు. విమానమునకు నేను పెట్టిన సొమ్ము ఆ యింటివారు ఎన్ని నెలలు తినవచ్చునో లెక్క వేయుటకు గణితశాస్త్రము అక్కరలేదు.

ఆ సాయంకాలము కొంత ధనము తీసి ఆయన చేతిలో పెట్టబోతిని. ఆయన ముఖము చిన్నబోయినది. "మాస్టరుగారూ, మా తాత ఊరివారు వచ్చినారని నాలుగిండ్లవారికి చెప్పుకొన్నాను. ఇప్పుడు హోటలు నడిపినానని చెప్పుకొనవలయునా?" అనెను. ధనము తిరిగి జేబులో వేసుకొని మరునాడు బయలుదేరితిని. ఉన్నందుకు ఒక తప్పు, ఇవ్వబోయినందుకు రెండవ తప్పు.

ఇక్కడ మన శాస్త్రముల నడిగి చూతము. అతిథిని దేవునిగా నెంచుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పినది. నిజమే, కాని ఆ మాట ఎవరితో చెప్పినది? చదువు ముగించి గృహస్థుడు కాబోవు శిష్యునితో. నీవు దేవుడవని అతిథితో చెప్పలేదు. గృహస్థునకు చెప్పిన ధర్మమును అతిథి తన హక్కుగా చదువుకొనుటయే నేటి చౌకయాత్రలోని దోషమని నాకు తోచుచున్నది. మనువు మరింత జాగ్రత్తపరుడు. ఒక్కరాత్రి నిలుచువాడే అతిథి యనియు, నిలుకడ లేనివాడు గనుకనే ఆ పేరు వచ్చెననియు నిర్వచించెను. ఆ లెక్కను రెండవరాత్రినుండి నేనేమైతినో చెప్పు పదము స్మృతిలో లేదు. మన పల్లెలలో గలదు గాని ఇచ్చట వ్రాయను.

ఆతిథ్యమిచ్చుటలో గృహస్థునకు కూడ ఆనందము గలదు గదా, వెల గట్టి ఆ యానందమును చెరుపనేల, యని కొందరు మిత్రులు నన్నడిగిరి. ఆ యానందమును నేను కాదనను. వృద్ధుని ముఖమున చూచితిని. అయితే దానికి మందు ఇచ్చట దొరకనిది, ఆ దీవియొక్క ఆదివాసుల పల్లెలో నాకు దొరకినది. ఫిజీయనుల పల్లెకు పరాయివాడు ఊరకే పోరాదు. 'యంగోనా' యను చెట్టు వేళ్ళకట్ట నొకదానిని అంగడిలో కొని చేతబట్టుకొని, టోపి తీసి, మోకాళ్ళు గప్పు గుడ్డ గట్టుకొని, గ్రామపెద్ద యెదుట నేలపై కూర్చుండి, దాని నర్పించి, ప్రవేశమునకు సెలవడుగవలయును. దీనిని 'సెవుసెవు' అందురు. వారు సమ్మతించిన పిమ్మట ఆ వేళ్ళను పొడిచేసి కొయ్యపాత్రలో నీటితో కలిపి, కొబ్బరిచిప్పలో ముంచి యిత్తురు. ఒకమారు చప్పట్లు గొట్టి పుచ్చుకొని త్రాగి, మరల మూడుమార్లు కొట్టవలయును. రుచి మట్టినీటివలె నుండును, నాలుక తిమ్మిరియెక్కును. ఆ వేళ్ళకట్ట వెల స్వల్పము. దానితో వారి యన్నమునకు బదులు తీరదు. కాని అది పోవునప్పుడిచ్చునది గాదు, వచ్చునప్పుడిచ్చునది. పోవునప్పుడిచ్చినచో కూలి యగును. ముందిచ్చినచో, "ఇది మీ యిల్లు, నేను పరాయివాడను, రమ్మందురా?" యని యడిగినట్లగును. కాదనుటకు గృహస్థునకు ఒక్క నిమిషము దొరకును. నేను వృద్ధుని యింటికి ఉత్తచేతులతో పోయి, ఆ నిమిషమును ఆయనకు దొరకనీయలేదు.

అక్కడనే 'కెరెకెరె' యను మరియొక యాచారమును గలదు: బంధువు వచ్చి యడిగిన వస్తువును లేదనరాదు. దాని నెరిగిన కొందరు పరదేశి యాత్రికులు, అడుగుటయందు మాత్రము బంధువులై, ఇచ్చు వంతు వచ్చునప్పటికి విమానమెక్కుదురు. నేను వారిని నిందింపజాలను. నా పుస్తకములో నాలుగు సున్న లున్నవి.

మా సంగారెడ్డిలో 1796లో కట్టిన జైలు గలదు. దానిని ప్రదర్శనశాలగా మార్చి, 2016లో 500 రూపాయలు చెల్లించినవారికి ఒక దినము ఖైదీవలె నుండు అవకాశము కల్పించిరి. ఖైదీ దుస్తులు, ఖైదీ పళ్ళెము, ఖైదీ తిండి. అప్పుడు నేను దానిని తలచుకొని చాల నవ్వితిని. ఫిజీలో ఆ చెరకుకూలీల గదుల కొలతలు చదివిన రాత్రి నవ్వు రాలేదు. మరునాడు తలుపు తెరతురని తెలిసి లోపల నుండుటయు, తెలియక యుండుటయు ఒక్కటి గాదు. చౌకయాత్ర చేయువాని దారిద్ర్యమును అట్టిదే. తిరుగు టిక్కెట్టు జేబులో నున్న దారిద్ర్యము. దానివలన కొంత జ్ఞానము కలుగదని యనను. మూల్యము చెల్లించి నేర్చుకొన్నచో పాఠమగును, పరుల కంచమునుండి నేర్చుకొన్నచో మరియొకటి యగును.

నా యాత్రకు సొమ్మెక్కడిదో ఇంతవరకు చెప్పలేదు. పటాన్‌చెరువులో మా యింటి వెనుక ఒక గది గలదు. కర్మాగారములలో పనిచేయ వచ్చు ఒరిస్సా, బీహారు యువకులకు దానిని కిరాయికిత్తును. గదికింత యని గాక, మనిషికింత యని. ఆరుగురుందురు. ముగ్గురు పగటి డ్యూటీకి పోవునప్పటికి ముగ్గురు రాత్రి డ్యూటీనుండి వత్తురు గనుక స్థలము చాలునని నేనే లెక్క వేసితిని. మూడేండ్ల ఆ కిరాయియే నన్ను సముద్రము దాటించినది. ఒక్కొక్కడును పెట్టె చేతబట్టుకొని వచ్చి, లోపల అడుగుపెట్టకముందే ముందుసొమ్ము నా చేతిలో పెట్టెడివాడు. నేను ఫిజీ పల్లెలో నేలపై కూర్చుండి చేసిన పనిని వారు మా గడపయొద్ద నిలుచుండి ఎప్పుడో చేసియుండిరి. నేను లెక్కించుకొని జేబులో వేసుకొంటిని. కొబ్బరిచిప్పెడు నీళ్ళైనను ఇచ్చిన జ్ఞాపకము లేదు.

ఉపాధ్యాయుల గదిలో ఆ చర్చ జరిగిన సాయంకాలము ఇంటికి వచ్చి, కొలత టేపు తీసికొని వెనుక గదికి పోయితిని. ఎందుకని మా యింటిది యడిగిన బదులు చెప్పలేదు. నా యిల్లే యని ఎప్పుడును తలుపు తోసికొని పోవువాడను. ఆనాడు గడపయొద్ద నిలిచి, లోపలికి రావచ్చునా యని హిందీలో నడిగితిని. రాత్రి డ్యూటీకి పోవలసిన ఇరువురు నిద్ర లేచి చాపలు చుట్టిరి. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, కిటికీ ఒకటి. మనిషికి 20 చదరపు అడుగులు. గిర్మిటువారి గదిలో ముగ్గురికి 70 అడుగులు గనుక, ఒక్కొక్కనికి 23 అడుగులకు పైబడినది. తప్పు లెక్కించితినేమోయని రెండవమారు కొలిచితిని.

వారిలో పెద్దవాడు నా చేతిలోని టేపువైపే చూచుచుండెను. "ఏమి సార్, కిరాయి పెంచుతారా?" అని యడిగినాడు.