పాత బిందె విలువ

పాత ఇత్తడి, కంచు సామాను వెదికి కొనడం ఇవాళ విజయవాడలోనూ చదువుకున్నవారి అభిరుచి. అభిరుచిని తప్పుపట్టనక్కరలేదు, కళాయి పూసిన గుండిగ, మరచెంబు చూడముచ్చటైనవే. ప్రశ్న వేరు.

కృష్ణా డెల్టాలో ఈ సామాను ఆడపిల్లతో సారెగా వెళ్ళేది. అంచున ఆమె పేరో, ఇచ్చినవారి పేరో చుక్కలతో చెక్కించేవారు. బంగారం లేని ఇంట తాకట్టుకు పోయేదీ ఇదే. పాత సామాన్ల వర్తకుడు దానిని తూకానికే కొన్నాడు. సొట్టనూ, మాటునూ చూపి తరుగు తీశాడు. పనితనానికి పైసా కట్టలేదు. అదే బిందె అద్దాల బీరువా ఎక్కగానే తూకం మాయమైంది; సొట్టకు ధర, చెక్కిన పేరుకు ధర! అమ్ముకున్న మనిషి చేతిలో లోపమైనది కొన్నవాని ఇంట గుణమెట్లా అయింది?

1867లో మార్క్స్ ఉపయోగపు విలువను, మారకపు విలువను విడదీసి చూపాడు. ఈ బిందెకు మొదటిది చచ్చాకనే రెండవది పెరిగింది. (నీళ్ళు మోసే బిందెను ఎవరూ పురాతన వస్తువనరు.) తూర్పు గోదావరి జిల్లా అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి కార్మికుని కొత్త బిందెను గీచిగీచి బేరమాడే మనమే పాతదానికి అడిగినంత ఇస్తాము. దాని మీది పేరును వేలితో తడిమి మురుస్తాము. ఆ పేరుగల మనిషి దాన్ని ఎందుకు అమ్ముకున్నదో మాత్రం దుకాణంలో ఎవరూ అడగరు.