మలుపుల కోసం పుట్టిన కారు

మాజ్దా ఎంఎక్స్-5లో ఇద్దరికే చోటు. వెనక డిక్కీలో రెండు చిన్న బ్యాగులు పడితే గొప్ప. వాన పడితే గుడ్డ టాప్ మీద చినుకుల చప్పుడుకి పక్కవాళ్ళ మాట సరిగ్గా వినిపించదు. కాస్త పొడగరి అయితే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నడుం వంచక తప్పదు. అయినా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చిన ఈ కారు ఇప్పటికీ తయారవుతూనే ఉంది. 2016 ఏప్రిల్‌లో హిరోషిమా ఫ్యాక్టరీ నుంచి పదిలక్షలవ బండి బయటికొచ్చింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్ముడైంది ఇదేనని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది.

ఇన్ని అసౌకర్యాలున్నాయని తెలిసి తెలిసీ ఇన్ని లక్షలమంది దీన్ని ఎందుకు కొన్నారు? కొన్నవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఎందుకు వదులుకోలేకపోతున్నారు?

జవాబు వేగంలో లేదు. తొలి మోడల్‌లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్. ఆగి ఉన్న బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దాకా పట్టేది. ఇవాళ పిల్లల్ని బడికి దించే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల్లో కొన్ని ఆ పని ఇంకా త్వరగా చేసేస్తున్నాయి.

జవాబు బరువులో ఉంది. ఆ తొలి కారు వెయ్యి కిలోల లోపే తూగేది. ఇంజిన్‌ని ముందు ఇరుసుకి బాగా వెనక్కి జరిపి కూర్చోబెట్టారు. బరువు ముందూ వెనకా ఇంచుమించు సమానంగా పడేలా చూశారు. గేర్‌బాక్సునీ, వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్‌నీ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్‌తో బిగించారు. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే ఆ తోపు, మధ్యలో ఊగిసలాట లేకుండా, వెనక చక్రాలకి అందుతుంది. బండిని లాగే భారం లేని ముందు చక్రాలు స్టీరింగ్ చెప్పిన మాట వింటాయి.

ఇదంతా కాగితం మీద పొడిగా కనిపించినా, రోడ్డు మీద ప్రాణం పోసుకుంటుంది. అమెరికాలో టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దున ‘టెయిల్ ఆఫ్ ద డ్రాగన్’ అనే కొండదారి ఉంది. 11 మైళ్ళలో 318 మలుపులు. వేగ పరిమితి గంటకి 30 మైళ్ళు, అంటే 48 కిలోమీటర్లు. ఐదువందల హార్స్‌పవర్ కారుకి అక్కడ తన బలం చూపించే చోటే దొరకదు. ఈ చిన్న కారుకి మాత్రం అది సొంత ఊరు.

మలుపు కనబడుతుంది. బ్రేక్ మీద కాలు పడగానే బరువు ముందుకి వాలుతుంది, ముందు టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. ఎడమకాలు క్లచ్ నొక్కుతుంది. కుడిపాదం బ్రేక్ వదలకుండానే అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజిన్‌ని లేపుతుంది. మణికట్టు కదిలితే చాలు, గేరు మూడులోంచి రెండులోకి టక్కున పడుతుంది. స్టీరింగ్ తిప్పుతుంటే టైరు కింద రోడ్డు ఎంత గరుకుగా ఉందో అరచేతులకి తెలుస్తూ ఉంటుంది. మలుపు సగం దాటాక మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే బరువు వెనక్కి సర్దుకుని బండి కుదురుగా బయటపడుతుంది. మూడు నాలుగు సెకన్ల పని. అంతలోనే మరో మలుపు.

ఆ కొద్ది సెకన్లలో రెండు చేతులకీ రెండు కాళ్ళకీ కళ్ళకీ చెవులకీ పని ఉంటుంది. ఇంకో ఆలోచనకి చోటుండదు. ఈ సంతోషం ఏళ్ళ తరబడి ఎందుకు నిలుస్తుందో ఇక్కడే తెలుస్తుంది. ఖరీదైన బండి కొన్నప్పటి ఉత్సాహం కొన్ని నెలల్లో పాతబడుతుంది. ఎంత పెద్ద ఇంజిన్ అయినా ఆ తోపుకి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. కానీ నిన్న కాస్త తొందరపడి తిప్పిన మలుపుని ఇవాళ ఇంకొంచెం నునుపుగా తిప్పగలిగితే, ఆ తృప్తి కొనుక్కున్నది కాదు, చేతికి వచ్చిన పనితనం. సంగీత సాధనలోనూ చెక్క పనిలోనూ ఉండే తృప్తి ఇలాంటిదే. రేపు ఇంకా బాగా చేయడానికి ఎప్పుడూ కొంత మిగిలి ఉంటుంది.

ఇక టాప్ సంగతి. పాత మోడళ్ళలో ముందు అద్దం పైన రెండు కొక్కేలు విప్పాలి, వెనకనున్న ప్లాస్టిక్ కిటికీ జిప్పు లాగాలి, టాప్‌ని వెనక్కి మడిచి పడేయాలి. మోటారూ లేదు, మీటా లేదు. చలికాలం పొద్దున్నే విశాఖ నుంచి అరకు ఘాట్ రోడ్డులో మోటార్‌సైకిల్ మీద వెళ్ళినవాళ్ళకి దీని రుచి తెలుసు: అనంతగిరి దగ్గర కాఫీ తోటల తడి వాసన, చెట్ల నీడలోకి వెళ్ళగానే చురుక్కుమనే చలి, ఎండలోకి రాగానే భుజాల మీద వెచ్చదనం. అద్దాలు బిగించి ఏసీ వేసుకున్న కారులో దారి కళ్ళకి మాత్రమే కనిపిస్తుంది. టాప్ తీసిన కారులో దారి ఒంటికి తగులుతుంది.

ఇలాంటి కారు దాదాపు కనుమరుగైన సమయం ఒకటుంది. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ లాంటి బ్రిటిష్ కంపెనీలు చవకైన రెండు సీట్ల కార్లని ప్రపంచానికి రుచి చూపించాయి. ఒక్క ఎంజీబీ మోడలే 1962-80 మధ్య ఐదులక్షలకి పైగా తయారైంది. 1970ల్లో అమెరికా భద్రతా నిబంధనలు, కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. నూనె కారే ఇంజిన్లతో, మొరాయించే వైరింగ్‌తో జనం విసిగిపోయారు. 1980లో అబింగ్‌డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ ఖాళీని గుర్తించినవాడు అమెరికన్ కార్ల విలేఖరి బాబ్ హాల్. గాలి తగిలేలా నడిపే తేలికైన స్పోర్ట్స్ కారు మళ్ళీ రావాలని 1970ల్లో మాజ్దా ఇంజినీరింగ్ పెద్ద కెనిచి యమమోతోకి చెప్పాడు. తర్వాత హాలే మాజ్దాలో చేరి ఆ ఆలోచనని వదలకుండా పట్టుకున్నాడు. 1985లో తొలి నమూనాని కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా వీధుల్లో తిప్పితే జనం వెంటపడి మరీ చూశారు. ప్రాజెక్టు అధిపతి తోషిహికో హిరాయ్ తన బృందం ముందు గుర్రమూ రౌతూ ఒక్కటై కదలాలనే పాత జపనీస్ ఆదర్శాన్ని ఉంచాడు. ఎగ్జాస్ట్ శబ్దం ఎలా ఉండాలన్నదాని మీద కూడా ప్రత్యేకంగా పనిచేశారు.

మెచ్చుకోవలసింది తర్వాత వచ్చిన మాజ్దా ఇంజినీర్ల నిగ్రహాన్ని. ప్రతి కొత్త మోడల్ పాతదానికంటే లావెక్కడం కార్ల లోకంలో రివాజు. 2015లో వచ్చిన నాలుగో తరం ఎంఎక్స్-5 మాత్రం 1989 కారు కంటే పొడవులో కాస్త తక్కువే. జపాన్‌లో అమ్మిన 1.5 లీటర్ల ప్రాథమిక మోడల్ బరువు 990 కిలోలు. ఎయిర్‌బ్యాగులూ ఇతర భద్రతా ఏర్పాట్లూ చేర్చాక కూడా అంత తేలిగ్గా ఉంచాలంటే ప్రతి భాగంలోనూ గ్రాము గ్రాము తగ్గించాలి. ఏది పెట్టకూడదో నిర్ణయించుకోవడం ఏది పెట్టాలో నిర్ణయించుకోవడం కంటే కష్టం. తొలి ఎంఎక్స్-5 తర్వాత వచ్చిన హోండా ఎస్2000, టొయోటా ఎంఆర్2 స్పైడర్, పాంటియాక్ సాల్‌స్టిస్ తెర మరుగైపోయాయి. ఇది నిలిచింది. అంతేకాదు, జపాన్‌లో మాజ్దా తొలి తరం బండ్లని స్వయంగా బాగుచేసి ఇచ్చే పథకం పెట్టి, ఆగిపోయిన విడిభాగాలు కొన్నిటిని మళ్ళీ తయారుచేయిస్తోంది.

మన దేశంలో మాజ్దా కార్లు అమ్మడం లేదు. ఒకప్పుడు గోవాలో శాన్ స్టార్మ్ అనే టాప్ తీయగల రెండు సీట్ల కారు ఫైబర్‌గ్లాస్ బాడీతో, రెనో ఇంజిన్‌తో తయారయ్యేది. అది ఎక్కువకాలం సాగలేదు. కానీ అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు. అక్కడ పాత ఎంఎక్స్-5లు సామాన్య ఉద్యోగి జీతానికి అందే ధరల్లో ఇప్పటికీ దొరుకుతాయి. కొనకపోయినా ఫరవాలేదు, ఒకరోజు అద్దెకి తీసుకోండి. మాన్యువల్ గేరున్న బండే అడగండి. హైవే వదిలేసి కొండదారి పట్టండి, టాప్ తీసేయండి, ఫోన్ పక్కన పడేయండి.