అనాథ ఎవరూ ఉండకూడదు

సాయానికి మెట్లు కట్టడం మనకి పాత అలవాటే. భగవద్గీత 17వ అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీసింది. తిరిగి ఏమీ చేయలేనివాడికి, ఇవ్వడం ధర్మం కాబట్టి ఇచ్చేది సాత్వికం. బదులు ఆశించి ఇచ్చేది ఒక మెట్టు కింద, రాజసం. ఈ కొలత పట్టుకుంటే, పదిమంది కలిసి నెలనెలా చందా వేసుకుని తమలో ఎవరికి కష్టమొస్తే వాళ్లకి అందులోంచి ఇచ్చుకునే సంఘాలన్నీ రాజసంలోకే పోతాయి. ఈరోజు నేను వేస్తాను, రేపు నాకు అందుతుంది. ఇందులో ముందుచూపు ఉంది కానీ ధర్మం ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే అమెరికాలో నల్లజాతి నటీనటులు, గాయకులు, నర్తకులు పెట్టుకున్న ఒక సంఘాన్ని దగ్గరగా చూస్తే ఈ విభజన నిలబడదని నాకు అనిపిస్తుంది.

ఆ సంఘం పేరు నీగ్రో యాక్టర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా. 1936లో న్యూయార్క్‌లో ఏర్పడి, మరుసటి ఏడాది పని మొదలుపెట్టింది. మొదటి అధ్యక్షుడు నోబుల్ సిసిల్, 1921లో బ్రాడ్వేని ఊపేసిన ‘షఫుల్ అలాంగ్’ సంగీత నాటకానికి యూబీ బ్లేక్‌తో కలిసి పాటలు కట్టినవాడు. కార్యదర్శి ఫ్రెడీ వాషింగ్టన్. 1934లో వచ్చిన ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ సినిమాలో తెల్లమ్మాయిలా చలామణీ అయ్యే నల్లజాతి యువతి పాత్ర ఆమెదే. మేనిరంగునిబట్టి చూస్తే నిజజీవితంలోనూ ఆమె అలా చలామణీ కాగలిగేది, కానీ అందుకు ఒప్పుకోలేదు. ట్యాప్ నృత్యంలో సాటిలేని బిల్ రాబిన్సన్ గౌరవాధ్యక్షుడు. పాల్ రోబ్సన్, ఎథెల్ వాటర్స్ లాంటివాళ్లు వెంట నిలిచారు. పేర్లు పెద్దవే, కానీ సంఘం చేసిన పనులు చాలా మామూలివి. జబ్బుపడ్డవాళ్లని చూడటం, చేతిలో డబ్బాడనివాళ్లని ఆదుకోవడం, పోయినవాళ్లకి అంత్యక్రియలు జరిపించడం. ఆర్థిక మాంద్యం, మాటలొచ్చిన సినిమా కలిసి రంగస్థలం మీద బతికేవాళ్ల పొట్ట కొట్టిన రోజులవి. ఊరూరా తిరిగి ఆడే నల్లజాతి కళాకారుడికి చాలాచోట్ల హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు. అలాంటి మనిషి పరాయి ఊళ్లో మంచాన పడితే ఏ తలుపు తట్టాలి?

ఈ ఆలోచన అప్పుడు కొత్తగా పుట్టింది కాదు. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ ఆలెన్, అబ్సలోమ్ జోన్స్ అనే నల్లజాతి నాయకులు స్థాపించిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ నియమాలు చూడండి. సభ్యుడు నెలకి ఒక షిల్లింగు కట్టాలి. ఏడాది గడిచాక, అవసరంలో పడ్డ సభ్యుడికి వారానికి 3 షిల్లింగుల 9 పెన్నీలు ఇస్తారు. షిల్లింగుకి 12 పెన్నీల లెక్కన, నాలుగు వారాలకి సరిగ్గా 15 షిల్లింగులు. అంటే మంచాన పడ్డ ఒక మనిషిని ఒక నెల నిలబెట్టాలంటే 15 మంది ఆ నెల చందా మొత్తం పోవాలి. ఇది చీటీలాంటిది కాదు. చీటీలో ఎవరి వంతు వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇక్కడ ఆరోగ్యంగా బతికి పనిచేసుకున్నవాడికి ఒక్క పెన్నీ కూడా తిరిగి రాకపోవచ్చు. రాకపోవడమే మేలని అతనూ కోరుకుంటాడు. ఇంకో సంగతి గమనించాలి. ఏ మతశాఖవాడన్న పట్టింపు లేకుండా, క్రమమైన నడవడి ఉంటే చాలన్న షరతుతో ఆ సంఘం మొదలైంది. అందులోని మనుషులే తర్వాత, 1794లో, రెండు చర్చిలు నిలబెట్టారు. సహాయ సంఘం ముందు, ప్రార్థనా మందిరం వెనక. నా వాదానికి ఈ వరస ముఖ్యం.

నటుల విషయంలో మతం చేసిన పని ఎప్పుడూ మెచ్చదగ్గది కాదు. 1870లో న్యూయార్క్‌లో జార్జ్ హాలండ్ అనే ముసలి నటుడు పోయాడు. అంత్యక్రియల ప్రార్థన కోసం స్నేహితుడు జోసెఫ్ జెఫర్సన్ ఒక చర్చికి వెళితే, పోయినవాడు నటుడని తెలిసి అక్కడి పాస్టరు కాదన్నాడు. పక్క వీధిలో చిన్న చర్చి ఒకటుంది, వాళ్లయితే చేస్తారేమో చూడమన్నాడు. ఆ చిన్న చర్చి, 29వ వీధిలోని చర్చి ఆఫ్ ది ట్రాన్స్‌ఫిగరేషన్, చేసింది. 1863లో సైన్యంలో నిర్బంధ భర్తీ మీద అల్లర్లు రేగి గుంపులు నల్లవాళ్లని వెంటాడి చంపుతున్నప్పుడు వాళ్లకి తలదాచుకునే చోటిచ్చింది కూడా అదే చర్చి. నీగ్రో యాక్టర్స్ గిల్డ్ పుట్టేనాటికి కేథలిక్ నటులకి, ఎపిస్కోపల్ నటులకి, యూదు కళాకారులకి వేరువేరు గిల్డులున్నాయి. కొత్త గిల్డు రూపం వాటిని పోలిందే, కానీ దాన్ని కట్టి ఉంచింది ఒక విశ్వాసం కాదు. అందరినీ ఒకే గుమ్మం బయట నిలబెట్టిన అవమానం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. ఇది బదులు ఆశించి చేసే సాయమా? ఈ సంఘాల ఖర్చుల్లో ఒకటి మాత్రం ఆ మాటకి లొంగదు, అంత్యక్రియల ఖర్చు. శవపేటిక కొనిపెట్టినందుకు చచ్చినవాడు రేపు వచ్చి బాకీ తీర్చడు. తిరిగి ఏమీ చేయలేనివాడంటే అంతకంటే ఎవరు? సాత్వికదానానికి గీత అడిగిన లక్షణం ఇక్కడ పూర్తిగా ఉంది. మనవాళ్లు అనాథప్రేత సంస్కారానికి కోటి యజ్ఞాల ఫలం ఉందంటారు. ఆ మాటలో కరుణ ఉంది, సందేహం లేదు. కానీ ఆ పుణ్యం దక్కాలంటే ముందు ఒక అనాథ ఉండాలి. గిల్డు ఆ అనాథనే లేకుండా చేయాలనుకుంది. చందా కట్టినవాడు బతికుండగానే తన చావుకి బంధువులని సంపాదించుకున్నాడు. ఆ చందాతోనే అవతలివాడి చావుకి తానూ బంధువయ్యాడు. దాతకి పుణ్యం మిగిల్చే సాయం కంటే దీన్ని ఒక మెట్టు పైనే పెడతాను.

పేరున్నవాళ్లకి ఇదంతా ఎందుకు అనొచ్చు. గిల్డు పని మొదలుపెట్టిన 1937లోనే బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ మిసిసిపీలో కారు ప్రమాదంలో పోయింది. ఫిలడెల్ఫియాలో జరిగిన అంత్యక్రియలకి వేలమంది వచ్చారు. ఆమె సమాధి మీద మాత్రం 1970 దాకా పేరు చెక్కిన రాయి లేదు. జనం చప్పట్లు వేరు, జవాబుదారీ వేరు.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. తనవాళ్లని తాను చూసుకోవడంలో గొప్పేముంది, అందరిలో దేవుణ్ని చూడమన్న మతానికి ఇది ఎదురు కాదా? దీనికి తర్కం కంటే చరిత్రే మంచి జవాబిస్తుంది. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం చెలరేగి, పారిపోగలిగినవాళ్లు పారిపోయారు. నల్లవాళ్లకి అది సోకదని డాక్టర్ బెంజమిన్ రష్ నమ్మి వాళ్ల సాయం కోరాడు. ఆలెన్, జోన్స్ తమవాళ్లని వెంటబెట్టుకుని తెల్లవాళ్ల ఇళ్లలోకి వెళ్లి రోగులకి సేవ చేశారు, శవాలని మోశారు, పూడ్చారు. రష్ నమ్మకం తప్పని త్వరలోనే తేలింది, నల్లవాళ్లూ చచ్చిపోయారు. పైగా దోచుకున్నారన్న నింద మోపితే, ఆ ఇద్దరూ 1794లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పైసాపైసా లెక్క చూపారు: అందినదానికంటే చేతినుంచి పెట్టిందే ఎక్కువ. వారం వారం సాటివాడి మంచం దగ్గర కూర్చుని నేర్చుకున్న పని పరాయి ఇంట్లోనూ చేతికి వచ్చింది. ఎవరి పక్కనా కూర్చోని విశ్వమానవ ప్రేమకి ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

అయితే ఒక లోపం దాచను. ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ ఇచ్చే వారపు సాయానికి ఒక షరతుంది: ఆ అవసరం మనిషి స్వయంకృతం కాకూడదు. మన పాత్రాపాత్ర విచారం లాంటిదే ఇదీ. బిల్ రాబిన్సన్‌ని ఈ షరతు ముందు నిలబెట్టండి. లక్షల డాలర్లు గడించాడు, అడిగినవాడికి లేదనకుండా ఇచ్చాడు, జూదంలో పోగొట్టాడు, 1949 నవంబరులో చేతిలో దాదాపు ఏమీ లేకుండా పోయాడు. అంత్యక్రియల ఏర్పాట్లు పూనుకుని చేయించింది టీవీ ప్రయోక్త ఎడ్ సలివన్, ఒక తెల్లజాతి స్నేహితుడు. న్యూయార్క్‌లోని హార్లెం వీధులు జనంతో నిండిపోయాయి. అంత పేరు లేని ఒక నర్తకుడు అదే దారిలో చేతులు ఖాళీ చేసుకుని పోతే? షరతుని అక్షరాలా పాటిస్తే అతను అపాత్రుడే. బతికున్నవాడి విషయంలో నియమం కొంత అవసరం కావచ్చు, చిన్న నిధి ఖాళీ అయితే అందరూ మునుగుతారు. శవం దగ్గర మాత్రం ఆ విచారణ అధర్మమని నా గట్టి అభిప్రాయం.

ఇక చివరి ఆక్షేపణ న్యాయం కోరేవాళ్లది. చందాలతో గాయం కడుతుంటే గాయం చేసేవాడు హాయిగా ఉంటాడు కదా, కావలసింది హక్కు కానీ ఆదుకోవడం కాదు కదా అని. 1947లో నటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీ, నల్లవాళ్లని ప్రేక్షకులుగా రానివ్వని వాషింగ్టన్ నగరంలోని నేషనల్ థియేటర్‌లో ఆడబోమని తీర్మానించింది. యాజమాన్యం లొంగక దాన్ని సినిమాహాలు చేసింది. అందరినీ రానిచ్చే నాటకశాలగా అది మళ్లీ తెరుచుకున్నది 1952లో. పోరాటం గెలిచింది, ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో జబ్బుపడ్డవాడు తీర్పు వచ్చేదాకా ఆగలేడు. గిల్డు 1982లో మూతపడింది. మూసిన తలుపుల వల్ల పుట్టిన సంస్థ శాశ్వతంగా ఉండాలని ఏమీ లేదు. హక్కు, ఆదరణ ఒకదానికొకటి అడ్డమనేవాళ్లు ఫ్రెడీ వాషింగ్టన్ చేసిన పనులు చూడాలి. ఆ గిల్డులో రోగుల, నిరుపేదల సాయం పని చూసిన మనిషే, తర్వాత హార్లెంలో ఆడమ్ క్లేటన్ పావెల్ నడిపిన ‘పీపుల్స్ వాయిస్’ పత్రికలో నాటక విభాగానికి సంపాదకురాలై, రంగస్థలం మీదా సినిమాల్లోనూ నల్లవాళ్లకి జరిగే అన్యాయాన్ని నిలదీసింది.