మట్టి ఒకటే, కుండ మారితే?

2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ వెబ్‌సైట్లతో ఒక అబద్ధం ఆడేది. ఫోన్ తెర వెడల్పు 320 పిక్సెళ్లు. సైట్లకు మాత్రం 980 అని చెప్పేది. ఆ మాట నమ్మి పేజీ పెద్ద కంప్యూటర్ మీదున్నట్టే పరుచుకునేది, బ్రౌజర్ దాన్నంతా కుదించి అరచేతిలో పెట్టేది. అక్షరాలు చీమల బారు. చదవాలంటే రెండు వేళ్లతో సాగదీసుకోవాలి. తెర అసలు వెడల్పుకే సర్దుకుంటానని సైటు చెప్పుకొనే వ్యూపోర్ట్ ట్యాగ్‌ను తెచ్చిందీ ఆపిలే. మాయా, దానికి విరుగుడూ ఒకే దుకాణంలో దొరికాయన్నమాట.

సరే, సర్దుకున్నాక అది పాత పేజీయేనా?

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మట్టిముద్ద ఉదాహరణ చెబుతాడు. మట్టి సంగతి తెలిస్తే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే. కుండ, మూకుడు అనేవి పేర్లు మాత్రమే. వర్డ్‌ప్రెస్, ద్రూపల్ లాంటి కంటెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థలు నడిచేది దాదాపు ఈ నమ్మకం మీదే. వ్యాసం డేటాబేస్‌లో ఉంటుంది, రూపం థీమ్‌లో ఉంటుంది. థీమ్ మారిస్తే వెయ్యి వ్యాసాల ముఖం మారుతుంది, లోపల ఒక్క అక్షరం కదలదు. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరుపెట్టి చూపించిన పద్ధతికీ ఇదే పునాది: కొలతలు పిక్సెళ్లలో కాకుండా నిష్పత్తుల్లో ఉండాలి, బొమ్మలు తెరతోపాటు కుదించుకోవాలి, వెడల్పును బట్టి అమరిక మారాలి. అంతకు పదేళ్ల ముందే జాన్ ఆల్సప్ అనే డిజైనర్ చైనా తత్వగ్రంథం 'తావో తె చింగ్'ను ముందు పెట్టుకుని, అచ్చుకాగితం మీద దొరికే పట్టును వెబ్‌లో కోరుకోవద్దని తోటివాళ్లకు నచ్చజెప్పాడు.

వినడానికి బాగుంది. పాత సైటును ఫోన్‌కు సర్దడానికి కూర్చున్నవాళ్లను అడిగితే వేరే కథ చెబుతారు. థీమ్ ఒక పూటలో మారిపోతుంది. ఆ తరవాత వ్యాసాల్లోంచి ఒక్కొక్కటే బయటపడతాయి: ఎనిమిది నిలువు వరుసల టేబుల్, 600 పిక్సెళ్లని బిగించేసిన బొమ్మ, 'కుడివైపు పట్టిక చూడండి' అనే వాక్యం. ఫోన్‌లో కుడివైపు ఏదీ లేదు. పట్టిక ఎక్కడో కింద ఉంది. రాసినవాళ్లు మట్టి ఇస్తున్నామనుకుని, కుండ పెంకులు కలిపి ఇచ్చారు. వాళ్లను తప్పుపట్టడం కష్టం. కళ్లెదుట వెడల్పాటి తెర పెట్టుకుని, రూపం లేని రాత రాయమంటే ఎవరికి సాధ్యం?

రూపంలోనే కొంత అర్థం ఉంటుందనడానికి యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌ను మించిన సాక్ష్యం లేదు. డేనియల్ బాంబర్గ్ వెనిస్‌లో 1520-23 మధ్య దాన్ని మొత్తంగా అచ్చువేసినప్పుడు స్థిరపడిన అమరిక ఇవాళ్టికీ నడుస్తోంది. నడుమ మూలం, బైండింగు వైపు రాషీ అనే పండితుడి వ్యాఖ్య, బయటి అంచున ఆ తరవాతి పండితుల తర్కం. శతాబ్దాల ఎడం ఉన్నవాళ్లు ఒకే పుటలో పక్కపక్కన కూర్చుని వాదించుకుంటారు. యూదుల గ్రంథాల కోసం 2011లో మొదలైన సెఫారియా సంస్థ ఫోన్‌లో అదే పుటను ఇరికించాలని చూడలేదు. తెరంతా మూలానికే ఇచ్చింది. వాక్యాన్ని తాకితే వ్యాఖ్యాతల జాబితా తెరుచుకుంటుంది. అనువాదం, వెతుకులాట సులువయ్యాయి, నిజమే. అయితే అచ్చుపుటలో అడగకుండానే పక్కన ఉండే రాషీ ఇక్కడ పిలిస్తేనే వస్తాడు. ఒక్క మాట పోలేదు, పొరుగు పోయింది.

మన పద్యం సంగతి ఇంకో రకం. తాటాకు మీద పద్యం వచనంలాగే ఏకధాటిగా సాగేది. పాదాలుగా విరిచి చూపడం అచ్చుతో బలపడిన అలవాటు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఫోన్‌లో ఆ పాదం నడుమ విరిగి, రెండో అక్షరంగా నిలువునా కనిపించే ప్రాస చెదిరిపోతుంది. పైకి చదివితే మాత్రం ఎక్కడికీ పోదు, చెవి పట్టేస్తుంది. ఇక్కడ కుండ పగిలినా నీళ్లు నిలిచాయి. రూపం మారితే ఏం మిగులుతుందన్నది ఆ రూపం కంటిదా, చెవిదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. (యంత్రాలకూ రూపంతో చిక్కు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' తరహా ఒక తెలుగు కూర్పును తెరమీద గీయబోయి ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి. జ్ఞానం దగ్గరే ఆగిపోయాయన్నమాట. ఆపిల్ ఆ నెలలోనే సరిదిద్దింది.)

అన్నిటికన్నా గట్టి ప్రశ్న క్రమానిది. వెడల్పాటి తెర మీద రెండు నిలువు వరుసలు పక్కపక్కన సమానంగా నిలుస్తాయి. ఫోన్‌లో ఒకటి పైకెక్కాలి, రెండోది కిందికి దిగాలి. వార్త పైన, వివరణ కింద. ప్రకటన పైన, సవరణ కింద. ఏది ముఖ్యమో తేల్చకుండా తప్పించుకునే వీలు చిన్న తెర ఇవ్వదు. చాలా సైట్లలో ఈ తీర్పు సంపాదకుడిది కాదు, థీమ్ రాసిన అపరిచితుడిది.

స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా ఫోన్లు, ట్యాబ్‌ల వాడకం 2016 అక్టోబరులో డెస్క్‌టాప్‌ను తొలిసారి దాటింది. ఫోన్ తప్ప వేరే కంప్యూటర్ ఎరగని పాఠకుడికి ఆ ఇరుకు పేజీయే అసలు పేజీ. కాబట్టి వ్యాసాన్ని విడుదల చేసే మీట నొక్కేముందు సంపాదకులు దాన్ని ఒకసారి తమ ఫోన్‌లో కిందిదాకా చదవాలి. అట్టడుగుకు చేరిందేమిటో అక్కడే కనిపిస్తుంది.