సిగ్గు ఎవరిది?

ఆడమనిషి గడ్డం మీద, పైపెదవి మీద దట్టంగా వెంట్రుకలు వస్తే ఊరు నవ్వుతుంది. చాలామందిలో దానికి కారణం పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా. తప్పు ఆమెది కాదు. మరి లేజర్‌తో వాటిని తీయించుకోవడం లోకానికి లొంగిపోవడమా?

పీసీఓఎస్ ఉన్న 88 మంది మహిళలతో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ఆరు నెలల్లో ఐదుసార్లు పూర్తి శక్తి లేజర్ చేయించుకున్న వారిలో దిగులు, ఆందోళన తగ్గాయి. వెంట్రుకలు తీసుకోవడానికి వారానికి 112 నిమిషాలు పట్టేది, 21 నిమిషాలకు తగ్గింది. ఆ ఊరటను కాదనే హక్కు ఎవరికీ లేదు.

ఒంటిని మార్చుకోవడం మనకు కొత్త కాదు. మన అవ్వలు పచ్చబొట్లు పొడిపించుకున్నారు. అయితే పచ్చబొట్టు నలుగురికీ చూపించుకునేది. ఇది గుట్టుగా దాచుకునేది. ఆ గుట్టు వెనుక ఉన్నది మన ఎగతాళే.

లేజర్ వెంట్రుకలోని నలుపును పట్టుకుని కుదురును వేడితో దెబ్బతీస్తుంది. మన చర్మంలోనూ ఆ నలుపే ఉంది. తగిన యంత్రం వాడకపోతే చర్మం కాలుతుంది. అందుకే అనుభవమున్న చర్మవైద్యుల దగ్గరికే వెళ్లాలి. హార్మోన్ల తేడా అలాగే ఉంటే వెంట్రుకలు మళ్లీ రావచ్చు.

తీయించుకునే ఆమెను పిరికిదనవద్దు, ఉంచుకునే ఆమెను మొండిదనవద్దు. నిర్ణయం ఆమెది. నవ్వడం మానుకోవలసింది మాత్రం మనం.