కూలికి పిలువబడనివాడు

ద్రాక్షతోట యజమానుని ఉపమానము మనమందరము ఎరిగినదే. ప్రొద్దు గ్రుంకుటకు కొంచెము ముందుగా అతడు సంతవీధికి పోయి, అక్కడ నిలిచియున్నవారిని చూచెను. వారు సోమరులు కారు. వారిని పనికి పిలిచినవాడు లేడు. మన యూళ్లలోను అట్టివారున్నారు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆ యౌవనునికి ఆటిజము కలదు. అది దయ్యము కాదు, తలిదండ్రుల పాపఫలమును కాదు. మెదడు ఎదుగుటలో చిన్ననాటినుండియే యుండు భేదము. అతడు మన కన్నులలోనికి చూడడు, మాట కలుపడు. అయితే గుడిలోని పాటల పుస్తకములను ఒక్కటియు తప్పకుండ అంకెల వరుసను సర్దును.

“అయ్యగారూ, వీనికేదైన పని చూపించండి” అని తండ్రి యడిగెను.

“ఇంటనే యుండనిమ్ము నాయనా, సంఘము సహాయము చేయును” అంటిని.

దయ చూపితిననుకొంటిని. నిజమునకు, ఒక మనుష్యుని కష్టార్జితము అతనికి దక్కకుండ చేసితిని.

ఇది దయకు సంబంధించినదా, న్యాయమునకు సంబంధించినదా? మన దేశములో 2016 సంవత్సరపు చట్టము ప్రభుత్వ కొలువులలో నూటికి 4 వికలాంగులకు కేటాయించెను. అందులో 1 ఆటిజము, బుద్ధిమాంద్యము, మానసిక వ్యాధి మొదలైనవి గలవారికి ఉమ్మడిగా నిచ్చినది. కనుక ఇది న్యాయమే. అయితే చట్టము వాకిలి తెరువగలదు గాని, లోపలికి వచ్చినవానిని నిలుపువాడు ప్రక్కన పనిచేయు మనుష్యుడే.

నేను ఆ తండ్రి యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిని. తరువాత మొక్కలు పెంచు ఒక రైతుతో మాటాడితిని. ఆయన ప్రశ్నలడుగక, పని చేయించి చూచెను. తొలివారములో ఆ యౌవనుడు రెండుమారులు పని విడిచి పోయెను. నీళ్ల మోటారు మ్రోత అతడు భరింపలేకపోయెనని తెలిసికొని, రైతు అతనికి దూరముగా చోటు చూపెను. “త్వరగా కానిమ్ము” అనుట మాని, “పది గంటలలోగా ఈ యిరువది సంచులలో మన్ను నింపుము” అని చెప్ప నేర్చుకొనెను. దినపు పనులు వరుసగా పలకమీద వ్రాసెను. మార్పు ఉన్నయెడల ముందురోజే తెలిపెను. కొన్ని నెలలు ఒక పనివాడు ప్రక్కనుండి నేర్పి, మెల్లగా తప్పుకొనెను.

ఇట్టివారందరు ఒక్క రీతివారు కారు. ఎవరికేది కావలెనో వారినే అడుగవలెను.

నేడు ఆ యౌవనుడు తన కూలి తానే లెక్కించుకొనును. మీ వీధిలో ఇంకను పిలుపులేక నిలిచియున్నవాడెవడు?